పౌండు గింజలు, పదివేల అడుగులు

చీమకుర్తిలో గెలాక్సీ అంటే రాయి. నల్లటి రాయి మీద బంగారు రజను చల్లినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు బంగారానిది కాదు, బ్రాంజైట్ అనే ఖనిజానిది. రామతీర్థం పక్కన గోతుల్లోంచి లేచి, లారీలెక్కి, రేవు దాటి, ఏ దేశంలోనో వంటింటి గట్టు అవుతుంది. చేతికి కట్టుకునే గెలాక్సీ తర్వాతెప్పుడో వచ్చింది.

ఈ వ్యాసం ఆ రెండో గెలాక్సీ గురించి. ఒక్క కంపెనీ అని కాదు. అడుగులు, గుండె, నిద్ర, క్యాలరీలు లెక్కపెట్టి చెప్పే పట్టీలూ వాచీలూ అన్నిటి గురించీ. రెండువేల లోపు దొరికేవి ఉన్నాయి, అర లక్ష దాటేవీ ఉన్నాయి. కొనాలా, అక్కర్లేదా? బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందో, నీళ్ళలో పడితే ఏమవుతుందో చెప్పే వీడియోలకి కొదవ లేదు, ఆ పని వాళ్ళకే వదిలేద్దాం. సాయంత్రానికి ఆ గాజు మీద కనిపించే అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, వాటిని మొదట ఎవరు అడిగారు, ఎందుకడిగారు అన్నది నా ఆసక్తి. అది తెలిస్తే కొనాలా వద్దా అన్నది సగం తేలుతుంది. మిగతా సగం మీ జేబు.

వాచీ చెప్పేవాటిలో మూడు ముఖ్యం. మొదటిది అడుగులు. లోపలున్న చిన్న చిప్ చేతి ఊపుని పసిగడుతుంది, ఊపులో ఒక లయ దొరికితే దాన్ని అడుగు అనుకుంటుంది. రెండోది గుండె. వాచీ అడుగు భాగంలో ఉన్న ఆకుపచ్చ దీపం చర్మంలోకి వెలుగు పంపిస్తుంది. నెత్తురు పోటెత్తినప్పుడల్లా ఆ వెలుగు ఇంకాస్త ఎక్కువ ఇంకిపోతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడితే నాడి. వెలుగుతో నెత్తురు పోటుని పట్టుకునే ఈ పద్ధతిని ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే అమెరికన్ 1930లలోనే వాడి చూపించాడు. ఈ రెండూ తప్పో ఒప్పో, కొలతలు. మూడోది క్యాలరీలు. దాన్ని ఏ దీపమూ ఏ చిప్పూ కొలవదు. ఒక సూత్రంలో కొన్ని అంకెలు పోసి బయటికి తీస్తారు. ఆ అంకెకి ఒంగోలు వైపు ఒక పాత కథ ఉంది. అక్కడికి వెళ్ళేముందు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు ఒళ్ళే కొలబద్ద. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. పిడికెడు, చారెడు, దోసెడు. బావి లోతు నిలువుల్లో. మల్లెపూలు ఇప్పటికీ మూరల్లోనే అమ్ముతారు. ఆ మూర ఎవరిది? పూలమ్మే ఆవిడది. ఆవిడ చేయి పొట్టిదైతే మన పూలు తక్కువ, అందుకే బేరమంతా ఆ మోచేయి దగ్గరే నడుస్తుంది. నేలని కొలిచింది కూడా కాళ్ళే. 1865–66లో నైన్ సింగ్ రావత్ బ్రిటిష్ సర్వే కోసం మారువేషంలో లాసా దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. జపమాలలో 108 పూసలకి బదులు 100 ఉంచారు, వంద అడుగులకో పూస జరిపేవాడు. మనకి తెలిసిన అడుగులెక్కల్లో ఇంత పట్టుదలతో చేసింది ఇంకొకటి లేదేమో. అయితే ఆ నడక కొలిచింది టిబెట్‌ని. నైన్ సింగ్ గుండె ఎంత కొట్టుకుందో, ఎంత బరువు తగ్గాడో ఎవరికీ అక్కర్లేదు.

ఒంటిని చూడటం మాత్రం వైద్యులు ఎప్పుడూ చేస్తూనే ఉన్నారు. తెలుగునాట వైద్యులు తరతరాలుగా చదువుకున్న 'బసవరాజీయం'లో నాడీపరీక్ష ఉంది. మన నాడీశాస్త్రం నాడిని నడకతో పోలుస్తుంది: పాము నడక, కప్ప గంతు, హంస నడక. నిమిషానికి ఇన్ని అనే అంకె అందులో ఉండదు. ఆ అంకె కావాలంటే ముందు నిమిషాన్ని చూపించే గడియారం కావాలి. జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు నాడి లెక్కపెట్టడం కోసమే ప్రత్యేకంగా వాచీ చేయించి, 1707లో దాని మీద పుస్తకం వేశాడు. అంటే వాచీకీ నాడికీ చుట్టరికం మూడొందల ఏళ్ళది. ఇందులో కొత్తదల్లా లెక్కపెట్టే వైద్యుడు పక్కన లేకపోవడమే.

వైద్యుడు నాడి పట్టుకునేది ఆ మనిషి కోసం. ఒంటిని ఇంకెవరి కోసమో కొలవడం వేరే పని. ఆ పని మన దగ్గర పెద్ద ఎత్తున జరిగింది ధాత కరువులో.

1876లో వానలు తప్పాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరుకి వెళ్ళింది, 1970లో సొంత జిల్లా అయింది. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు తెరిచింది: చెరువు కట్టలు, రోడ్లు, కాలువలు. పనికొచ్చినవాళ్ళకి కూలి. ఎంత కూలి అన్న దగ్గర గొడవ మొదలైంది.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ని వైస్రాయ్ లిటన్ మద్రాసుకి పంపించాడు, ఖర్చు తగ్గించమని. టెంపుల్ కథే విచిత్రం. మూడేళ్ళ ముందు, 1874లో బీహార్‌లో కరువొచ్చినప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు చాలా తక్కువ. దానికి మెచ్చుకోవాల్సిందిపోయి, డబ్బు తగలేశాడని పైవాళ్ళు తిట్టారు. ఆ మచ్చ కడుక్కోవడానికి వచ్చినట్టు వచ్చాడు మద్రాసుకి. కరువు పనిలో ఉన్న మగవాడికి రోజుకి ఒక పౌండు గింజల ఖరీదు, పైన కాస్త చిల్లర చాలు అన్నాడు. పౌండంటే అర కిలో కన్నా తక్కువ. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంకా తక్కువ. మట్టి తవ్వి మోసే మనిషికి ఇది.

మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీన్ని ఒప్పుకోలేదు. ఊరికే కూర్చున్న మనిషికే అది చాలదని, జైళ్ళలో ఖైదీలకి పెట్టే తిండి లెక్కలు ముందు పెట్టి వాదించాడు. పప్పుదినుసులు లేని తిండితో కండ నిలవదన్నాడు. ఇద్దరి మధ్యా మినిట్ల మీద మినిట్లు నడిచాయి. ఆ ఏడాదే, కొన్ని నెలలు పోయాక, మద్రాసు ప్రభుత్వం దాన్ని కొంత పెంచింది. ఈలోపు ఎందరు పోయారో. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఈ గొడవంతా 1878లో రెండు సంపుటాల పుస్తకంగా వేశాడు. టెంపుల్ లెక్కలు చదువుతుంటే ఒళ్ళు మండుతుంది, డిగ్బీ చెప్పే పద్ధతి ఆ మంటని తగ్గించేది కాదు.

వాచీల కాలానికి ఈ కథలో పనికొచ్చే సంగతులు రెండు. ఒకటి, ఆ గొడవలో ఇద్దరూ క్యాలరీ అనే మాట వాడలేదు. తిండికి క్యాలరీ లెక్క ఇంకా రాలేదు. తర్వాత మైక్ డేవిస్ అనే చరిత్రకారుడు 2001లో వేసిన పుస్తకంలో ఆ పౌండు కూలిని క్యాలరీల్లోకి మార్చాడు: 1,627. దీన్ని మన హైదరాబాదు లెక్క పక్కన పెట్టి చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టికలో, 65 కిలోల మగవాడు బరువు పని చేస్తే రోజుకి 3,470 క్యాలరీలు కావాలి. 55 కిలోల ఆడమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే 1,660. అంటే 1877లో మట్టి మోసిన మగవాడికి ఇచ్చింది, ఇవాళ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి కావాల్సినదానికన్నా తక్కువ. ఆ కాలం మనుషుల బరువు తక్కువే అనుకున్నా, రెంటికీ మధ్య ఉన్న దూరం పూడేది కాదు.

రెండోది అడుగులు. కరువు పని ఊరి పక్కనే ఉంటే అవసరం లేనివాళ్ళు కూడా వస్తారని ప్రభుత్వానికి అనుమానం. అందుకని దూరం పరీక్ష పెట్టారు. ఇంటికి పది మైళ్ళ లోపల ఉన్నవాళ్ళకి పని ఇవ్వకూడదన్నది ఆ పరీక్ష అని డేవిస్ రాశాడు. పది మైళ్ళంటే పదహారు కిలోమీటర్లు. అడుగుల్లో ఇరవై వేలు పైనే. చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్ళడానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. తిండి లేని మనిషి నిజంగా తిండి లేనివాడేనా అని తేల్చడానికి నడిపించి చూడటమన్నమాట. నాకు తెలిసి మన జిల్లాల్లో జనం అడుగుల్ని సర్కారు లెక్కలోకి తీసుకున్నది అప్పుడే.

ఒంగోలు పక్కన అదే కరువులో ఇంకో రకం కొలత కూడా నడిచింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుంచి ఒంగోల్లో ఉన్నాడు. అమెరికాలో ఉన్నప్పుడు సర్వే బృందాల్లో పనిచేసినవాడు, గొలుసు పట్టుకోవడం తెలుసు. కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే గుంపులకి మేస్త్రీలుగా పెట్టి జనాన్ని పనిలోకి తీసుకున్నాడు. వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగలు. కాంట్రాక్టు పనిలో కొలిచేది గోతిని: ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతు. మనిషి ఎంత తిన్నాడు, ఎంత చిక్కిపోయాడన్న లెక్క దాన్లో లేదు. కూలి కోసం మతంలోకి వస్తారేమోనని కరువున్నన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు వెనకబట్టాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. మిషన్ చరిత్రలు ఇప్పటికీ దాన్నే చెబుతాయి. కాలువలో ఎన్ని తట్టల మట్టి ఎత్తారో ఎవరూ చెప్పరు.

ఉపాధి హామీ పనుల్లోనూ మన దగ్గర గోతినే కొలుస్తూ వచ్చారు. టేపు పట్టుకున్న మేటు, క్యూబిక్ మీటర్లు. రాతినేలలో తవ్వినవాడికీ ఇసకనేలలో తవ్వినవాడికీ కష్టం ఒకటి కాదని ఊళ్ళో అందరికీ తెలుసు, టేపుకి తెలియదు. ఇక్కడే మనిషి చేసిన కష్టాన్ని నేరుగా ఒంట్లోంచి కొలవొచ్చు కదా అన్న ఆశ పుడుతుంది. శాస్త్రవేత్తలకీ ఆ ఆశే పుట్టింది.

1890లలో విల్బర్ అట్వాటర్ అమెరికాలో ఒక గది కట్టించాడు. మనిషిని అందులో రోజుల తరబడి ఉంచి, తిన్నదెంత, ఒంట్లోంచి వచ్చిన వేడెంత కొలిచాడు. తిండి పొట్లాల మీద మనం చదివే క్యాలరీలు ఆ గదిలోంచి వచ్చినవే అనొచ్చు. తర్వాత 1919లో హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు, 136 మంది మగవాళ్ళనీ 103 మంది ఆడవాళ్ళనీ కొలిచిన లెక్కలతో ఒక సూత్రం కట్టారు. బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా: ఈ నాలుగూ చెబితే ఊరికే పడుకున్నప్పుడు ఒళ్ళు ఎన్ని క్యాలరీలు ఖర్చు పెడుతుందో చెప్పే సూత్రం. కొత్త వాచీ కొని ఫోన్‌కి కలపగానే యాప్ మిమ్మల్ని అడిగేది ఏమిటో గుర్తు తెచ్చుకోండి. బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా. ఏ కంపెనీ ఏ సూత్రం వాడుతుందో పైకి పూర్తిగా చెప్పరు, 1919 తర్వాత కొత్త సూత్రాలూ వచ్చాయి. వంశం మాత్రం అదే.

చిక్కు ఎక్కడంటే, ఆ 239 మంది అమెరికాలో ఉన్న తెల్లవాళ్ళు. వేరే ఎండలో, వేరే తిండితో, వేరే ఒంటికట్టుతో పెరిగిన జనానికి యూరప్, అమెరికా లెక్కలతో కట్టిన సూత్రాలు అసలుకన్నా ఎక్కువ చూపిస్తాయని హెన్రీ, రీస్ అనే పరిశోధకులు 1991లో ఉష్ణదేశాల లెక్కలు తీసి చెప్పారు. మన దగ్గర కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాదు వచ్చిన ఆ పోషకాహార సంస్థ ఇన్నేళ్ళుగా చేస్తున్న పెద్ద పని ఇదే: మన ఒంటికి మన లెక్క. వాళ్ళ పట్టికలో నమూనా మగవాడి బరువు 2010లో 60 కిలోలు, 2020లో 65. పట్టిక మారింది, సంజాయిషీ కూడా రాశారు. మీ వాచీలోని నమూనా మనిషి ఎవరో, ఎప్పుడు మారాడో మీకు ఎవరూ చెప్పరు. రంగు సంగతీ ఇంతే. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆస్పత్రి పరికరాలే నల్లవాళ్ళలో ప్రాణవాయువు పడిపోయినప్పుడు తెల్లవాళ్ళలోకన్నా దాదాపు మూడురెట్లు ఎక్కువసార్లు కనిపెట్టలేకపోయాయని 2020లో అమెరికాలో తేలింది. ఆస్పత్రి పరికరం గతే అదైతే, రెండువేల రూపాయల వాచీ చెప్పే ఆక్సిజన్ అంకెని ఎంత నమ్మాలో మీరే చూసుకోండి.

ఈ అంకెల నిజానిజాలు పరీక్షించినవాళ్ళున్నారు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఏడు రకాల పరికరాలు 60 మందికి కట్టి చూశారు. గుండె లెక్కలో ఏడింట్లో ఆరు 5 శాతం లోపు తేడాతో సరిపోయాయి. పర్వాలేదు. క్యాలరీల దగ్గర అన్నిటికన్నా మంచిది 27 శాతం తప్పింది. అన్నిటికన్నా చెడ్డది 93 శాతం. టెంపుల్ లెక్క తప్పిందని మనం ఇన్నేళ్ళ తర్వాత కోప్పడుతున్నాం కానీ, మన చేతి మీదున్న అంకె కూడా దాదాపు రెట్టింపు అబద్ధం చెప్పగలదు. మీరు ఆకలితో మాడటం లేదు కాబట్టి ఆ అబద్ధం ప్రాణం తియ్యదు. ట్రెడ్‌మిల్ దిగి, వాచీ 400 అన్నదని ఇంకో ప్లేటు బిర్యాని తెప్పించుకుంటారు, అంతే.

ఇంకో సంగతి. ఈ పరికరం ఎవరి పని చూసి తయారైందో దాని తప్పుల్లోనే తెలుస్తుంది. ఇది చేతి ఊపుని బట్టి అడుగు లెక్కపెడుతుంది కదా. షాపింగ్ మాల్‌లో ట్రాలీ తోస్తే చేయి ఊగదు, అడుగులు తగ్గుతాయి. నెత్తి మీద తట్ట పెట్టుకుని చేత్తో పట్టుకుని నడిచే మనిషికి కూడా అంతే, ఆ చేతికే వాచీ ఉంటే. మిరపకోతలో వంగి, రెండు చేతులూ ఆడిస్తూ, కాళ్ళు సాలులో మెల్లగా జరుపుకుంటూ పోయే ఆడకూలీ విషయంలో ఏం చెబుతుందో వాచీకే తెలియాలి. నడుం పడిపోయిందన్న సంగతి మాత్రం చెప్పదు. గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర రోజంతా నిలబడ్డవాడు దీని దృష్టిలో సోమరి, గంటకోసారి వణికి, లేచి నాలుగడుగులు వెయ్యమంటుంది. తీరిక దొరికినప్పుడు పార్కులో చేతులూపుకుంటూ నడిచేవాళ్ళ కోసం చేసిన వస్తువు ఇది. అది తప్పు కాదు. ఆ సంగతి తెలిసి కొనుక్కోవాలి.

పదివేల అడుగులన్న లక్ష్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి ఈపాటికి తెలుసు, అందుకని తొందరగా చెప్పేస్తాను. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో యమాసా అనే జపాన్ గడియారాల కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. పేరు మాన్పోకెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు ముందు, వైద్యం తర్వాత. 2019లో ఐ-మిన్ లీ బృందం అమెరికాలో 16,741 మంది పెద్దవయసు ఆడవాళ్ళని గమనిస్తే, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో చావులు 41 శాతం తక్కువ కనిపించాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. ఆరోగ్యం బాగున్నవాళ్ళే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఆ తేడా మొత్తం నడక పుణ్యమే అనలేం. అయినా సున్నా నుంచి నాలుగువేలకి వెళ్ళడంలో ఉన్న లాభం ఎనిమిది నుంచి పదివేలకి వెళ్ళడంలో లేదన్నది స్పష్టం.

సరే, కట్టుకుంటే మనుషులు మారతారా? రెండు రకాల జవాబులున్నాయి. అడుగుల మీటర్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2007లో ఒక లెక్క తీశారు. మీటరు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళకన్నా రోజుకి దాదాపు 2,500 అడుగులు ఎక్కువ వేశారు. అది చిన్న సంగతి కాదు. 2016లో వచ్చిన ఇంకో పరిశోధనలో 471 మంది, అందరూ 18 నుంచి 35 ఏళ్ళ మధ్యవాళ్ళు, అంటే ఇది చదువుతున్న మీ వయసువాళ్ళే. అందరికీ తిండి, వ్యాయామం సలహాలు ఇచ్చారు. ఆరు నెలలయ్యాక సగంమందికి ట్రాకర్ కూడా కట్టారు. రెండేళ్ళకి చూస్తే ట్రాకర్ లేనివాళ్ళు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్ళు 3.5. అంకె చూసి, ఇవాళ్టికి చేసేశాంలే అనుకుని ఊరుకున్నారేమో అన్నది నా ఊహ. నడకకి పనికొస్తుంది, బరువుకి నమ్మకం లేదు. ఈ రెండు పరిశోధనల నుంచి నేను తీసుకునేది అంతవరకే.

కరువు పనుల నాటి ప్రశ్న ఇంకొకటి మిగిలిపోయింది: అంకె ఎవరి చేతికి వెళుతుంది? 2020లో చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికులకి జీపీఎస్ వాచీలు కట్టారు, ఎక్కడున్నారో ఆఫీసులో కూర్చుని చూడటానికి. నాగపూర్‌లోనూ అంతే. కార్మికులు రోడ్డెక్కారు. చూడటానికి మన చేతి మీదున్నలాంటి వాచీయే. ఎవరు కట్టారన్నదే తేడా. ఇంకోవైపు, మన దేశంలోనే అడుగులు చూసి ప్రీమియంలో కొంత తిరిగిచ్చే ఆరోగ్య బీమాలున్నాయి. నడిచినవాడికి తగ్గిస్తే బాగానే ఉంటుంది, మంచాన పడ్డవాడికి పెంచే రోజు ఎంత దూరమో. ఫిట్‌బిట్‌ని గూగుల్ కొన్నప్పుడు, ఆ ఆరోగ్య సమాచారాన్ని పదేళ్ళపాటు ప్రకటనలకి వాడకూడదని యూరప్ షరతు పెట్టింది. ఆ షరతు యూరప్ వాళ్ళ కోసం.

చీమకుర్తికే వస్తే, ఒడిశా, బీహార్ లాంటి చోట్ల నుంచి వచ్చి క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఒంటి లెక్క చట్టంలో ఉంది. 1955 నాటి గనుల నియమాలు, చేరేముందు ఒకసారి, తర్వాత ఐదేళ్ళకి మించకుండా ఒకసారి వైద్యపరీక్ష చెయ్యాలన్నాయి. ఏసీ గదిలో కూర్చున్న చేతికి సెకనుకో లెక్క, దుమ్ములో నిలబడ్డ ఛాతీకి ఐదేళ్ళకో లెక్క. ఈ ఖర్చులో వందోవంతు అటు వెళితే బాగుండునని అనిపిస్తుంది కానీ, మీరు వాచీ మానేసినంత మాత్రాన అటు వెళ్ళదని కూడా తెలుసు. కాబట్టి అసలు ప్రశ్నకే జవాబు చెబుతాను.

ఒంటితో పనిచేసి బతికేవాళ్ళకి ఇది అక్కర్లేదు. వాళ్ళ అలసట దీనికన్నా కచ్చితం. రోజంతా కుర్చీలో ఉండేవాళ్ళు ముందు ఒక నెల ఫోన్‌లోనే అడుగులు చూసుకోండి, దాన్లోనూ అదే రకం చిప్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఫోన్ జేబులో ఉంటేనే అది పనిచేస్తుందన్నది నిజం. మన చుడీదార్లకీ చీరలకీ జేబులు కుట్టని దర్జీల పుణ్యమా అని ఆడవాళ్ళ అడుగులు సగం లెక్కలోకే రావు, ఆ ఒక్క కారణానికే వాళ్ళు పట్టీ కొనుక్కోవచ్చని నా అభిప్రాయం. నెల చూశాక ఆ అంకె మిమ్మల్ని నిజంగా లేపి నడిపిస్తోందనిపిస్తే తక్కువ ధరలో ఒకటి తీసుకోండి. అడుగులకీ గుండెకీ ఖరీదైనది అవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి గుండె లయ తప్పుతోందని డాక్టర్ అనుమానపడితే సంగతి వేరు. అప్పుడు ఈసీజీ తీసే రకం గురించి ఆ డాక్టర్నే అడగాలి, షాపువాణ్ణి కాదు. పొద్దున్న లేవగానే నాడి తెలుసుకోవడానికైతే మణికట్టు మీద రెండు వేళ్ళు, గోడ మీద సెకన్ల ముల్లు చాలు: పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి.

కొన్నాక చెయ్యాల్సిన మొదటి పని, యాప్‌లోకి వెళ్ళి ముందు పేజీలోంచి క్యాలరీల గడి తీసెయ్యడం. చాలా యాప్‌లలో కుదురుతుంది. లక్ష్యం పదివేలు అని ఉన్నచోట ఏడువేలు పెట్టుకోండి. సమాచారం ఎవరితో పంచుకోవాలని అడిగే పేజీలో ముందే టిక్కులు పెట్టి ఉంటాయి, ఒక్కొక్కటీ చదివి తీసెయ్యండి. పది నిమిషాలు పడుతుంది.